డ్రాగన్ సరే, మూట మోసేదెవరు?

(విజయవాడలో ఒక గ్రంథాలయం మేడ మీద, ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం. వక్త గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తారు. కొన్నేళ్ళుగా ఆదివారాలు తన ఇంట్లో రోల్‌ప్లేయింగ్ గేమ్ నడుపుతున్నారు.)

నమస్కారమండీ. నాకు మైకు అలవాటు లేదు. మా కొట్లో కేక వేస్తే గానీ పని జరగదు, అందుకని గొంతు కాస్త పెద్దగా ఉంటుంది. వెనకాల కూర్చున్నవాళ్ళు అదృష్టవంతులు.

ఈ ఆట తెలియనివాళ్ళు కొందరున్నట్టున్నారు, వాళ్ళకోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు లోకాన్ని వర్ణిస్తాడు. వాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు, మా ఇంట్లో అది నేను. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేను తలుపు తోస్తాను", "నేను చెట్టెక్కుతాను" అంటుంటారు. పని అవుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చారు. అక్కణ్ణుంచి మొదలైంది ఇదంతా. కంప్యూటర్లో మీ పిల్లలు ఆడే సగం ఆటలకు ఇదే తాత.

నేను మాట్లాడాలనుకున్నది ఒక్క సంగతి. మంత్రాలూ రాక్షసులూ ఉన్న లోకంలో "ఇది నమ్మబుద్ధి కావట్లేదు" అని ఆటగాడు ఎప్పుడంటాడు? డ్రాగన్ కనిపించినప్పుడు అనడు. అదీ తమాషా.

నాకు ఈ సంగతి తెలిసిన రోజు చెప్తాను. మొదటి ఏడాది. ఉండవల్లి గుహలు చూసొచ్చిన హుషారులో, కొండలో తొలిచిన నాలుగంతస్తుల బిలం ఒకటి తయారుచేశాను. వందేళ్ళుగా ఎవరూ అడుగుపెట్టలేదు. మూడో అంతస్తులో రాతి తలుపు. ఆ తలుపు వెనక ఒక పులి. నేను గొంతు తగ్గించి, ఫ్యాన్ కూడా ఆపేసి, పులి గాండ్రింపు చెప్పాను. మా అన్నయ్య కూతురు గన్నవరంలో వెటర్నరీ చదువుతోంది, అదీ ఆడుతోంది. చెయ్యెత్తింది.

"బాబాయ్, ఇది ఏం తింటుంది?"

మంత్రపు పులమ్మా అన్నాను. "మంత్రపుదైతే తినదా? సరే తినదు. మరి గాండ్రిస్తోంది కదా, ఎవరి మీద? వందేళ్ళు ఒంటరిగా ఉన్న పులికి మనుషులంటే భయమో కోపమో ఎలా తెలుసు?" అంది. ఊరుకుందా, ఇంకో మాట కూడా అంది: "తలుపు తీయగానే వాసన రావాలి కదా."

అడవిలో పులికి ఏడాదికి ఇంచుమించు యాభై జింకలు కావాలట. శ్రీశైలం అడవి అంత ఉంటే గానీ వాటి కడుపు నిండదు. నేనేమో పది అడుగుల గదిలో పెట్టి తాళం వేశాను. నలుగురూ నవ్వుకున్నారు, ఆట ఆగిపోయింది. పులి ఉందంటే వాళ్ళు నమ్మారండీ. పులి అక్కడ బతుకుతోందంటే నమ్మలేదు.

మనవాళ్ళు అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు. అబద్ధం ఆడొద్దని కాదు ఆ సామెత చెప్పేది, అతికించమని. కొండపల్లి ఏనుగును చూడండి. అలాంటి ఏనుగు ప్రపంచంలో ఎక్కడా లేదు. కానీ ఎవరైనా "ఇది ఏనుగు కాదు" అన్నారా? తెల్లపొణికి కర్రతో కాళ్ళు విడిగా, తొండం విడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. మక్కు సరిగ్గా పట్టి, పైన రంగు పడ్డాక అతుకు కనపడదు. మా బల్ల మీద బొమ్మలన్నీ అవేనండీ, విదేశీ బొమ్మలు కొనే స్తోమత లేదు. తాటిచెట్టెక్కే మనిషి బొమ్మే మా దొంగ. అంబారీ ఏనుగే డ్రాగన్. ఇంతవరకు ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

అసలు నా వృత్తి లెక్కలు. అందుకని నాకు నచ్చిన చోట కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోకండి. బంగారం.

కథల్లో డ్రాగన్ కింద నాణేల గుట్ట ఉంటుంది. వీరులు సంచుల్లో నింపుకుని గుర్రమెక్కుతారు. ఇప్పటి రూల్స్ ప్రకారం 50 నాణేలు ఒక పౌను. అంటే నాణెం 9 గ్రాములు. మావాళ్ళు ఒకసారి 10,000 బంగారు నాణేలు కొట్టారు. కేరింతలే కేరింతలు. నేను కాగితం మీద గుణించాను: 200 పౌన్లు, 91 కిలోలు. మిర్చి టిక్కీ, అదే మిర్చి బస్తా, ఒకటి 40, 45 కిలోలుంటుంది. అంటే రెండు టిక్కీలు.

ఇక్కడొక విశేషం. రెండు టిక్కీల మిర్చి అంటే ఈ బల్ల కింద పట్టదు. రెండు టిక్కీల బంగారం మీ ఇంట్లో స్టీలు బిందెలో పట్టేస్తుంది, ఇంకా ఖాళీ ఉంటుంది. బిందెడు చూసి ఎత్తబోయినవాడికి నడుం పట్టేస్తుంది. గోనెసంచిలో పోస్తే అడుగు చిరుగుతుంది. మా యార్డులో హమాలీలు టిక్కీని వీపు మీదకు వేసుకునే తీరు చూశారా? ఒకడు ఎత్తిపట్టాలి, ఒకడు వంగాలి, ఆ వంగడానికో లయ ఉంటుంది. ఆ పనితనం ఈ వీరులకు లేదు. డ్రాగన్ను చంపగలరు గానీ మూట ఎత్తలేరు. పాత రూల్స్ ఇంకా ఘోరం. 70వ దశకం చివర్లో వచ్చినవాటిలో పౌనుకు పది నాణేలే. ఒక్కోటి 45 గ్రాములు! అది నాణెం కాదండీ, తూకం రాయి.

నేను ఈ లెక్క చెప్పగానే బల్ల దగ్గర ఏమైందో తెలుసా? విసుక్కోలేదు. ఆట మొదలైంది. కింద ఊరికెళ్ళి మనుషుల్ని తేవాలా? తెస్తే వాళ్ళకు నిధి సంగతి తెలిసిపోతుంది. సగం పాతిపెట్టి సగం తీసుకెళ్దామా? ఎవరు కాపలా ఉంటారు? ఎవరి మీద ఎవరికి నమ్మకం? రెండు ఆదివారాలు ఆడారు ఆ బిందె చుట్టూ. డ్రాగన్తో యుద్ధం గంటన్నరలో అయిపోయింది.

ఊరికి చేరాక ఇంకో లెక్క. రూల్స్ ప్రకారం పనితనం అక్కర్లేని కూలికి రోజుకు 2 వెండి నాణేలు. పది వెండికి ఒక బంగారు నాణెం. కాబట్టి మావాళ్ళ బిందెలో ఉన్నది 50,000 రోజుల కూలి. వంద గడపల ఊళ్ళో దాన్ని ఒక్కసారిగా ఖర్చుపెట్టడం మొదలెడితే ఏమవుతుంది? మిర్చి ధర బాగా పలికిన ఏడాది మన ఊళ్ళల్లో చూడలేదా? నేలల కౌళ్ళు పెరుగుతాయి, కూలి రేటు పెరుగుతుంది, కల్యాణమండపం దొరకదు. మరుసటి ఏడు ధర పడితే కౌలు మాత్రం దిగదు. మావాళ్ళు నెల తర్వాత ఆ ఊరికి తిరిగొచ్చేసరికి వాళ్ళని దేవుళ్ళలా చూస్తారనుకున్నారు. పూటకూళ్ళావిడ భోజనం ధర నాలుగింతలు చెప్పి, "మీ పుణ్యమే బాబూ" అంది.

మంత్రాల దగ్గర కూడా ఇదే పద్ధతి. మంత్రం ఎలా పనిచేస్తుందని నేను అడగను. అడిగితే ఆట చచ్చిపోతుంది. ఎంత పనిచేస్తుందని మాత్రం అడుగుతాను.

నీళ్ళు పుట్టించే మంత్రం ఒకటుంది. పూజారి పాత్రకు మొదటి మెట్టులోనే వస్తుంది. ఒకసారి వేస్తే 10 గ్యాలన్లు, అంటే 38 లీటర్లు. మన వాటర్ క్యాన్లు రెండనుకోండి. ఇది విని ఒక కుర్రాడు నాతో అన్నాడు, "ఇంకేం సార్, ఈ లోకంలో కాలవలెందుకు, ఆనకట్టలెందుకు?" లెక్కేద్దాం రా అన్నాను. ఎకరం పొలంలో అంగుళం నీళ్ళు నిలబెట్టాలంటే లక్ష లీటర్లు దాటతాయి. అంటే మంత్రం 2,700 సార్లు వేయాలి. కొత్త పూజారికి రోజుకు రెండుసార్లే శక్తి. 1,350 మంది పూజారులు రోజంతా వేరే పని మానుకుంటే ఒక్క ఎకరం తడుస్తుంది, అదీ అంగుళం. ఇక్కడ మన బ్యారేజీ కింద 13 లక్షల ఎకరాలు. ఆ లోకంలో కూడా కాటన్ దొర లాంటివాడు ఒకడు పుట్టి తీరాలి, తప్పదు.

కానీ అదే మంత్రాన్ని కొండవీడు మీదకు తీసుకెళ్ళండి. రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని ఆ కొండకు మార్చినప్పుడు పైన చెరువులు లేకపోతే ఒక్క నెల నిలిచేవాళ్ళు కాదు. కొండ మీది కోటకు ప్రాణం నీళ్ళే. రూల్స్ ప్రకారం మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చాలు. ఐదుగురు పూజారులుంటే వందమంది సైనికులకు దాహం తీరిపోయినట్టే. అంటే పొలానికి పనికిరాని మంత్రం కోటకు కొండంత అండ. ముట్టడి వేసినవాడు తలుపులు బద్దలుకొట్టడం మీద ఎందుకు పడతాడు? లోపలి ఐదుగురు పూజారుల్లో ఎవరికి డబ్బు అవసరం ఉందో కనుక్కుంటాడు. చూశారా, ఒక గుణకారం చేస్తే కథ దానంతటదే నడిచొచ్చింది.

ఇంకోటి చెప్పి లెక్కలు కట్టేస్తాను. గుడ్‌బెర్రీ అని ఒక మంత్రం. డ్రూయిడ్లని, ప్రకృతి మంత్రాలు తెలిసినవాళ్ళు, వాళ్ళు వేస్తారు. పది పళ్ళు పుడతాయి. ఒక పండు తింటే ఒక మనిషికి ఆ రోజుకు ఆకలి తీరినట్టే. ఇరవై నాలుగు గంటలు దాటితే పనిచేయవు, దాచుకోడానికి లేదు. దీన్ని చూసి నేను చాలా రోజులు ఇబ్బందిపడ్డాను. ఎందుకంటే నా లోకంలో ఒక కరువు ఉంది. మా గుంటూరు జిల్లా కరువునే తీసుకుని పెట్టుకున్నాను. 1832-33, నందన నామ సంవత్సరం. జిల్లాలో ఐదు లక్షల జనముంటే లక్షన్నరకు పైనే పోయారంటారు. ఈ పళ్ళు పుట్టించే డ్రూయిడ్లున్న లోకంలో ఆ కరువు ఎలా వచ్చినట్టు? మంత్రాన్ని తీసేద్దామనుకున్నాను. తర్వాత లెక్కేశాను. కొత్త డ్రూయిడ్ రోజుకు ఇరవై మందికి పెట్టగలడు. ఐదు లక్షల మందికి పాతికవేల మంది డ్రూయిడ్లు కావాలి. నా లోకంలో జిల్లా మొత్తానికి పదిమంది ఉంటారు. రెండువందల మంది బతుకుతారు.

ఏ రెండువందల మంది?

ఆ ప్రశ్న బల్ల మీద పెట్టిన రోజు ఎవరూ పాచిక ముట్టుకోలేదు. మా ఆటలో డ్రూయిడ్ పాత్ర వేసినాయన బ్యాంకులో పనిచేస్తాడు, మామూలుగా జోకులేస్తూ ఉంటాడు. ఆ రోజు టీ చల్లారిపోయేదాకా కూర్చుని, "నేను పళ్ళు పుట్టించగలనని ఊళ్ళో చెప్పను. రాత్రిపూట వేసి గుమ్మాల ముందు పెట్టేసి వెళ్ళిపోతాను" అన్నాడు. ఎవరి గుమ్మాల ముందు అని అడిగాను. సమాధానం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇక పుస్తకంలో ఉందని ప్రతిదీ వాస్తవం అనుకోకండి. ఎండ రూలు చూడండి. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తీవ్రమైన ఎండట, గంటగంటకూ పాచిక వేయాలి, లేకపోతే సొమ్మసిల్లుతారట. నూరు ఫారెన్‌హీట్ అంటే ఎంత? 38. రోహిణి కార్తెలో బెజవాడలో 38 వస్తే "ఇవాళ కాస్త నయం" అనుకుంటాం కదండీ! (నవ్వులు) ఆట పుట్టింది విస్కాన్సిన్లో, లేక్ జెనీవా అనే ఊళ్ళో. అక్కడ మంచు కురుస్తుంది. వాళ్ళ వాస్తవం వాళ్ళది. వాళ్ళ పుస్తకంలో వీరుడు 65 పౌన్ల ఇనుప కవచం తొడుక్కుని నడుస్తాడు, దాదాపు 30 కిలోలు. అలా తొడుక్కుని మే నెలలో బీసెంట్ రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నడవమనండి చూద్దాం. అందుకే మా లోకంలో ఇనుప కవచం రాత్రి కాపలాకి, సంక్రాంతి ఊరేగింపుకి. పగటిపూట ఎవడైనా వేసుకున్నాడంటే వాడు పొరుగూరివాడని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. ప్రయాణం కూడా అంతే. మామూలు నడక రోజుకు 24 మైళ్ళు అంటుంది పుస్తకం. విజయవాడ నుంచి గుంటూరు దాదాపు 35 కిలోమీటర్లు, కాబట్టి ఒక రోజు. మరి కృష్ణ? బ్యారేజీ 1957లో వచ్చింది. అది లేని లోకంలో బల్లకట్టు కోసం రేవులో కూర్చోవాలి. ఆగస్టులో అయితే బల్లకట్టువాడు నది వంక చూసి, మీ వంక చూసి, చుట్ట వెలిగించుకుంటాడు. పుస్తకంలో ఒక రోజు అన్నది అక్కడ నాలుగు రోజులవుతుంది.

ఒక్క లోటు పెట్టి దాన్ని చివరిదాకా అతికించినవాళ్ళూ ఉన్నారు. 1991లో డార్క్ సన్ అని ఈ ఆటకే ఒక లోకం వచ్చింది. ఎడారి, ఇనుము దొరకదు. అంతే. అందుకని కత్తులు ఎముకతో, రాతితో. నాణేలు కూడా కాల్చిన మట్టివి. ఆటగాడికి ఒక ఇనుప కత్తి దొరికితే వాడి చేతులు వణుకుతాయి. అలా ఉండాలి పని.

లెక్కలన్నీ పక్కన పెట్టి, నాకు అన్నిటికంటే బాగా కుదిరిన సంగతి చెప్తాను. దానికి లెక్కే లేదు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు మా పిన్ని వాళ్ళ ఇల్లు సింగ్ నగర్లో నీళ్ళలో ఉంది. తర్వాత వెళ్ళాను. గోడ మీద ఒక గీత. నా ఛాతీ దాకా ఉంది. గోడకు రంగు వేయించారు, అయినా కొన్నాళ్ళకు మళ్ళీ లేచింది, తేమ కదా. మా పిన్ని క్యాలెండరును ఆ గీతకు పైన తగిలించింది. స్విచ్ బోర్డులు పైకి మార్పించింది. పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు అటక మీద ప్లాస్టిక్ డబ్బాలో. ఎందుకు పిన్నీ అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మా ఆటలో ఒక ఊరు పెట్టాను. ఆ ఊళ్ళో ఎవరింటికెళ్ళినా బియ్యం అటక మీదే ఉంటుంది. దేవుడి గూడు మనిషి తలకంటే ఎత్తులో. దీపం పెట్టాలంటే ముసలమ్మ పీట ఎక్కాలి. అంతే చెప్పాను. కాసేపటికి ఒక కుర్రాడు "ఇక్కడ నది ఎంత దూరం?" అని అడిగాడు. ఆ రాత్రి ఆ ఊళ్ళో పడుకోడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. నేను వరద అన్న మాటే అనలేదండీ.

జనం సణుగుడు కూడా పెట్టండి. అది మర్చిపోతారు చాలామంది. శ్రీనాథుడంతటివాడు పల్నాడు వెళ్ళి జొన్నకూడు దిగక సణిగాడని చాటువులు చెప్పుకుంటాం. ఆ సణుగుడు లేకపోతే ఆనాటి పల్నాడు మన కళ్ళకు కట్టేదా? ఎగిరే పడవలున్న ఊళ్ళో మనుషులు రోజూ నోరు తెరుచుకుని చూస్తూ కూర్చోరు. "ఇవాళ కూడా లేటే" అంటారు. టికెట్ ధర గురించి తిట్టుకుంటారు.

అయితే నా చేతులు కాలిన సంగతి కూడా చెప్పాలి. ఈ పిచ్చి ముదిరి ఒక ఏడాది నేను ప్రతిదానికీ పద్దు పెట్టాను. బాణాలెన్ని, ఉప్పెంత, దీపంలో నూనెంత, చెప్పులు ఎప్పుడు అరుగుతాయి. నాలుగో ఆదివారానికి ఇద్దరే వచ్చారు. వాళ్ళలో ఒకడు మా పక్క కొట్లో గుమాస్తా. "వారమంతా ఇదే రాసి చస్తున్నాను, ఆదివారం కూడా పద్దేనా అన్నా?" అన్నాడు. నిజమే కదా. అప్పట్నుంచి ఒకటే పద్ధతి. ఆటగాడు ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చిన చోటే లెక్క తీస్తాను. బిందె మోస్తూ పరిగెత్తాలా వద్దా అన్నప్పుడు బరువు లెక్కపెడతాను. సత్రంలో పడుకున్నప్పుడు వాళ్ళ దగ్గర ఏముందో నాకెందుకు?

ప్రశ్నలుంటే అడగండి. ఇంకో పది నిమిషాలుంది, తర్వాత హాలు తాళం వేయాలట.

(ఒక శ్రోత: ఎత్తు నుంచి దూకినా హీరో చావడు కదా సార్, దాన్నెలా అతికిస్తారు?)

ఆఁ, పది అడుగులకు ఒక ఆరు ముఖాల పాచిక, ఎంత ఎత్తయినా ఇరవై పాచికలకు మించదు. పాచికలు ఎంత పడితే అంత దెబ్బ, ఇరవైకి సగటున డెబ్బై. ప్రాణాల అంకె, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలడన్న లెక్క, నూట ఇరవై ఉన్నవాడు ఇంద్రకీలాద్రి మీంచి దూకి దులుపుకుని వెళ్ళిపోవచ్చు. గైగాక్స్ కూడా ఆ అంకె ఒట్టి రక్తమాంసాల లెక్క కాదు, అదృష్టమూ నేర్పూ కలిపిందే అని రాశాడు. అది సమర్థింపు. నాకైతే అతకలేదు. నేను రూలే మార్చేశాను, మా ఇంట్లో దూకితే పోతారు. మీరు మార్చకపోతే మాత్రం ఆ ఊరివాళ్ళకు కూడా ఆ సంగతి తెలిసుండాలి. మేడ మీంచి తోస్తే చావనివాణ్ణి చంపాలనుకున్నవాడు మేడ మీంచి తోయడు కదా.

(ఒక అబ్బాయి: మరి డ్రాగన్ అంత బరువుతో ఎలా ఎగురుతుంది అంకుల్?)

ఎగురుతుంది నాన్నా. అంతే. ఆ ఒక్కటి నన్ను అడగొద్దు.

(అబ్బాయి: సరే, అది ఉండే కొండ కింద ఊళ్ళో ఇంటి అద్దె ఎంత?)

ఇదీ ప్రశ్న! అద్దె చవకే. కాకపోతే ఆ ఊళ్ళో తాటాకు కప్పనివ్వరు. పెంకుటిల్లే కట్టాలి. గడ్డివాము ఊరి బయట, చెరువుకు అవతల వేసుకోవాలి. పెంకులు చేసే కుమ్మరి ఉన్నాడే, ఆ ఊళ్ళో అందరికంటే ధనవంతుడు వాడు. డ్రాగన్ను చంపడానికి ఎవరైనా వచ్చారంటే వాళ్ళకు తప్పుదారి చూపించేది కూడా వాడే.